ముక్కల బొమ్మలో కలివికోడి

పట్టణములందలి బొమ్మల దుకాణములలో ఒక విచిత్రము కానవచ్చును. అచట ఆఫ్రికాఖండపు జిరాఫీ యున్నది. ఉత్తర ధ్రువపు తెల్ల ఎలుగుబంటి యున్నది. ఆస్ట్రేలియా కంగారు తన పిల్లను సంచిలో నిడుకొని నిలిచియున్నది. ఆరుకోట్ల సంవత్సరములకు పూర్వమే నశించిన రాక్షసిబల్లులు సైతము పది రకములు దొరకును. కాని నల్లమల కొండలలో తిరుగు అలుగు బొమ్మ కావలెనని యడిగినచో దుకాణదారుడు తెల్లబోవును. దేవాంగపిల్లి పేరు చెప్పినచో, అది పిల్లి జాతిలోనిదే యనుకొని పిల్లి బొమ్మ తెచ్చి చూపును. తప్పు దుకాణదారునిది కాదు. అడుగువారు లేని సరకు నెవ్వడును తెచ్చి పెట్టడు.

ఎనిమిదేండ్ల బాలునకు సింహము ఎట్లుండునో తెలియును. తన యూరి చెరువుగట్టున, గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టు తీతువు ఎట్లుండునో తెలియదు. తీతువు కూసిన కీడు కలుగునని మాత్రము పెద్దలు చెప్పగా విని యుండును. ఎరుగని దానిని ప్రేమించు వారుండరు. ప్రేమింపని దాని కొరకు పాటుపడు వారు అంతకంటెను ఉండరు. కావున పిల్లల ఆటవస్తువులపై ఏ జంతువు బొమ్మ యుండవలెనను ప్రశ్న చూచుటకు చిన్నదిగా నున్నను, నిజమునకు చిన్నది కాదు.

ముక్కల బొమ్మ యనగా నేమో పలువు రెరిగినదే. ఒక చిత్రమును దళసరి అట్టపై గాని పలుచని చెక్కపై గాని అంటించి, వంకరటింకరగా కోసి, ముక్కలను కలగలిపి పెట్టెలో పోయుదురు. పిల్లలు వానిని మరల చేర్చి చిత్రమును సాధింపవలెను. దీనిని జిగ్‌సా పజిల్ అందురు. కోయుటకు వాడిన సన్నని రంపము పేరే ఆటకును వచ్చినది. కొన్ని దేశములలో చిత్రకారులు తమ నేలపై పుట్టిన పక్షులను, మృగములను చిత్రించుట, ఆ చిత్రములతో ముక్కల బొమ్మలను చేయించి విక్రయించుట, వచ్చిన సొమ్ములో కొంత వన్యప్రాణుల సంరక్షణమునకు ఇచ్చుట పరిపాటియైనది. మంచి పనియే యని కొందరందురు. వర్తకుల నేర్పు తప్ప వేరొకటి కాదని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను కొంత సత్యము కలదు. అట్టి బొమ్మలు తెలుగు బాలుర చేతికిని రావలెననుటయే సమంజసము. ఐతే ఎట్టివి రావలెను, ఏ నిబంధనలతో రావలెను అనునది చక్కగా విచారింపదగిన సంగతి.

ఈ ఆట పుట్టుక నెరిగినచో దాని స్వభావము తెలియును. 1760 తరువాతి సంవత్సరములలో లండన్ నగరమునందు జాన్ స్పిల్స్‌బరీ యను పటముల చెక్కడపు పనివాడు ఒక దేశపటమును చెక్కపై నంటించి, దేశముల సరిహద్దుల వెంబడి రంపముతో కోసెను. ఆ ముక్కలను చేర్చుచు, ఏ దేశమున కే దేశము పొరుగో పిల్లలు నేర్చుకొనవలెనని అతని తలంపు. అనగా తొలి ముక్కల బొమ్మ కాలక్షేపమునకు గాక భూగోళ పాఠమునకై పుట్టినది. పిమ్మట పటముల స్థానమును కోటలు, ఓడలు, పూలతోటలు ఆక్రమించినవి. అమెరికాలో ఆర్థికమాంద్యము ముదిరియున్న 1932, 1933 సంవత్సరములలో అట్టతో చేసిన చౌక బొమ్మలు వారము వారము పత్రికల దుకాణములకు వచ్చెడివి. పనులు పోయి యిండ్లలో కూర్చున్నవారు వానితో ప్రొద్దుపుచ్చిరి. కొనలేని వారికి అద్దెకిచ్చు దుకాణములును వెలసినవి. పాఠముగా పుట్టి వినోదముగా పెరిగిన ఈ ఆటను మరల పాఠముగా చేయుట కష్టము కాదు. వినోదము చెడకుండ చేయుట మాత్రము నేర్పుతో కూడిన పని.

పుస్తకములోని బొమ్మను బాలుడు క్షణకాలము చూచి పుట త్రిప్పును. తెరపై కదలు బొమ్మనైతే తాను త్రిప్పనక్కరయే లేదు, అదియే పోవును. ముక్కల బొమ్మ అట్టిది కాదు. చేతిలోని ముక్కపై నున్న గోధుమరంగు గీత రెక్కదా, తోకదా, ఎండుగడ్డిదా యని పది మారులు త్రిప్పి చూడనిదే అది తన చోటికి చేరదు. ఉదాహరణమునకు కలివికోడి చిత్రము నొక దానిని నూరు ముక్కలుగా కోసినారనుకొందము. ఆ పక్షి పావురము కంటె కొంచెము చిన్నది. కంటిపై తెల్లని కనుబొమ్మ గీత, గొంతున ఇటుకరంగు మచ్చ, రొమ్ముపై నడుమ తెలుపు విడిచి రెండు గోధుమవర్ణపు పట్టెలు దానికి గురుతులు. శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను పేరులో గూడ రెండు పట్టెలు కలదను అర్థమే యున్నది. పై పట్టె ముక్కను క్రింది పట్టె చోట నుంచి, అది యిమడక, మరల తీసి, మరల పెట్టిన బాలిక ఆ రెండు పట్టెలను జన్మలో మరచునా? అదే సంగతిని పాఠములో రెండు పంక్తులుగా వ్రాసి వల్లె వేయించినచో పరీక్ష ముగిసిన మరునాడే మరచును.

కలివికోడిని ఉదాహరణముగా గ్రహించుటకు వేరొక కారణము గూడ కలదు. బొమ్మ వలన ప్రాణికి మేలు కలుగునా యని సందేహించు వారికి ఈ పక్షి కథయే సమాధానము. 1848లో జెర్డన్ అను ఆంగ్ల వైద్యుని మూలమున ఇది శాస్త్రలోకమునకు తెలిసినది. తరువాత అర్ధశతాబ్దములో అక్కడక్కడ కొందరు దీనిని చూచిరి. 1900 సంవత్సరమున అనంతపురము ప్రాంతమున చూచిన పిమ్మట, చూచితినని చెప్పిన పండితుడు లేడు. పగలెల్ల పొదల చాటున నణగియుండి, రాత్రివేళ పురుగులను ఏరుకొని తిను పక్షి యగుటచే దానిని కనుగొనుట సులభము కాదు. గ్రంథములలో దాని పేరు నశించిన వాని పట్టికకు చేరువైనది. ఎనుబది యేండ్లు దాటిన తరువాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మరల అన్వేషణకు పూనుకొనిరి. వారు చేసిన పనులలో ముఖ్యమైనది ఆ పక్షి చిత్రమును గ్రామస్థులకు, పక్షులను పట్టి జీవించు వారికి చూపి విచారించుట. ఆ బొమ్మను చూచి గురుతుపట్టినవారు లేకపోలేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున స్థానికుడైన యొక వేటగాడు ఆ పక్షిని పట్టి చూపగా, అది నశింపలేదని లోకమునకు తెలిసినది.

ఇందు గమనింపదగిన విశేష మొకటి యున్నది. పండితులు పోయినదని విచారించుచున్న కాలమంతయు ఆ పల్లెలవారికి అది కలివికోడియే. కలివి పొదలలో తిరుగునని వారే దానికా పేరు పెట్టుకొనిరి. గ్రంథమున పోయినది పొదలో పోలేదు. గ్రంథమునకును పొదకును నడుమ నున్న దూరమును ఒక చిత్రము తొలగించినది. వాక్యములతో వర్ణించి యుండినచో, ఆ వర్ణన వేరొక భాషలో నుండుటచేతను, చదువరులు గాని వారిని చేరకుండుటచేతను, ఆ పని జరిగెడిది కాదు.

ఆ పక్షి దొరికిన తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. 1988లో భారత తపాలాశాఖ కలివికోడి చిత్రముతో ఒక తపాలాబిళ్లను వెలువరించినది. కరవుసీమకు నీరు తెచ్చు తెలుగుగంగ కాలువ త్రోవను సైతము ఆ పక్షి నివాసము చెడకుండుటకై మార్చవలసి వచ్చినది. పావురమంత యైనను లేని పక్షి కొరకు కాలువ త్రోవ మార్చుట హాస్యాస్పదమని యనుకొనువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. దాహముగొన్న నేలకు నీరు ముఖ్యము కాదని యెవ్వరనగలరు? కాని కాలువకు వేరొక త్రోవ దొరకును. ఆ పక్షికి వేరొక నేల దొరకదు. ఇంతచేసినను అది సురక్షితమైనదని చెప్పుటకు వీలులేదు. ఇసుక పరచి అడుగుజాడలను పరిశీలించియు, రాత్రివేళ దాని కూతను వినిపించి మారుకూతకై చెవియొగ్గియు శాస్త్రజ్ఞులు దానిని వెదకిరి. అయినను పలు సంవత్సరములు నిశ్చయమైన జాడయే చిక్కకపోయినది.

ఇక సొమ్ము సంగతి. పెట్టెపై సన్నని యక్షరములతో “ఈ బొమ్మ వెలలో కొంతభాగము వన్యప్రాణులకు” అని వ్రాసిన మాత్రమున చాలునా? ఆ కొంత యెంత? ఎవ్వరికి? ఏమి చేయుటకు? నూరు రూపాయలలో అర్ధరూపాయయు కొంతభాగమే. అట్టి మాట కొనువాని మనస్సునకు తృప్తి కలిగించును. అడవికి ఏమియు కలిగింపదు. ఇట్టి సందర్భమున చిత్రకళ వలన సేకరించిన సొమ్ము నిజముగా నేలకు చేరిన యొక దృష్టాంతమును చెప్పవలసి యున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒకనాడు కొలనులను, చిత్తడినేలలను ఎండగట్టి పొలములుగా మార్చిరి. పైగా 1930 తరువాత తీవ్రమైన అనావృష్టి వచ్చినది. ఆకాశమును కప్పివేయుచు వచ్చు అడవిబాతుల గుంపులు నానాటికి పలుచబడినవి. 1934 మార్చి 16న ఆ దేశపు ప్రభుత్వము ఒక శాసనము చేసినది. పదునారేండ్లు నిండినవాడు ఎవడైనను నీటిబాతులను వేటాడవలెనన్న, ఏటేట ఒక బిళ్లను కొనవలెను. మొదటి బిళ్ల వెల ఒక డాలరు. దానిపై చిత్రమును వ్రాసినవాడు డార్లింగ్ అను పత్రికా వ్యంగ్యచిత్రకారుడు. నాయకులను హేళన చేయు బొమ్మలకు పేరుపొందిన ఆయనను అప్పటికి ప్రభుత్వమే పిలిచి వన్యప్రాణి శాఖకు అధిపతిగా నియమించి యుండెను. రెండు బాతులు రెక్కలు చాచి నీటిపైకి దిగుచుండగా ఆయన చిత్రించెను. 1949 నుండి ఆ చిత్రమును బహిరంగ పోటీ మూలమున ఎన్నుకొనుచున్నారు. వేట యన్నది ఎన్నడు నెరుగని వారు గూడ చిత్రము కొరకై ఆ బిళ్లను కొనుచుందురు. బడిపిల్లలు చిత్రించిన బొమ్మతో ఐదు డాలర్ల బిళ్ల యొకటి వేరుగా వెలువడుచున్నది.

నేడు పెద్ద బిళ్ల వెల 25 డాలర్లు. వచ్చు ప్రతి డాలరులోను 98 సెంట్లు చిత్తడినేలలను కొనుటకును, కౌలునకు తీసికొని కాపాడుటకును పోవుచున్నవి. ఇట్లు ఇంతవరకు 60 లక్షల ఎకరములకు పైగా నేల పక్షులకు దక్కినది. ఇది బొమ్మ యందము వలన మాత్రమే జరిగినదని చెప్పరాదు. వేటకాండ్రు విధిగా కొనవలెనను శాసనము దానికి వెన్నెముక. కాని దాని వలన నేర్చుకొనదగిన దొకటి కలదు: ఎంత సొమ్ము పోవునో, ఎచటికి పోవునో, దానితో నేమి కొనబడునో ముందుగనే నిర్ణయమై యున్నది. లెక్క చెప్పుటకు సిగ్గుపడు దానము దానము కాదు. బొమ్మల పెట్టె అమ్మువాడును ఆ మాత్రపు లెక్క చెప్పగలవాడై యుండవలెను.

సొమ్ము చేరినంతనే పని ముగియదనుటకు ఆస్ట్రేలియాలోని బిల్బీ కథ తార్కాణము. బిల్బీ యనునది కుందేలు చెవుల వంటి నిడుపైన చెవులు గల్గి, సంచిలో పిల్లను మోయుచు, బొరియలలో నివసించు చిన్న జంతువు. ఆ దేశమునకు కుందేళ్లు సహజమైనవి కావు. 1859లో విక్టోరియా ప్రాంతపు భూస్వామి యొకడు వేట వేడుకకై ఇంగ్లండు నుండి 24 కుందేళ్లను తెప్పించి విడిచెను. అవి కోట్లకొలదిగ పెరిగి ఆ దేశపు పచ్చికను మ్రింగివేసినవి. వాని వెంట నక్కలును, ఇంటివాసము విడిచిన పిల్లులును చేరి బిల్బీలను తినివేసినవి. చిన్నజాతి బిల్బీ పూర్తిగా అంతరించినది. పెద్దజాతి ఎడారి యంచులకు తరుమబడినది. వింత యేమన, ఈస్టరు పండుగనాడు ఆ దేశపు పిల్లలందరు కుందేలు ఆకారమున పోసిన చాకొలెట్ మిఠాయినే తినుచుండెడివారు. తమ నేలను పాడుచేసిన ప్రాణిని పండుగ బొమ్మగా చేసికొని, పాడైన ప్రాణిని మరచిరి. ఈ సంగతిని తలచియే 1993లో ఒక ప్రసిద్ధమైన మిఠాయి సంస్థ కుందేళ్లను పోయుట మాని బిల్బీ ఆకారముతో మిఠాయి పోయ నారంభించినది. తమ నేల ప్రాణి ఏదో పిల్లలకు తెలిసినది.

అట్టి మిఠాయిల అమ్మకమువలనను, ప్రజల విరాళములవలనను చేరిన ధనముతో క్వీన్స్‌లాండ్ రాష్ట్రమునందలి కరావిన్యా వనమున 25 చదరపు కిలోమీటర్ల నేల చుట్టు నక్కలు, పిల్లులు దూరరాని కంచె కట్టిరి. 2005లో బిల్బీలను అందు విడిచిరి. అవి పిల్లలను కని వృద్ధిపొందుచుండగా వరదలు వచ్చి కంచె క్రిందిభాగము నీట నాని త్రుప్పుపట్టినది. 2012 నాటికి పిల్లులు లోన ప్రవేశించి యుండుట కనుగొన్నారు. అంతటితో అక్కడి బిల్బీలు అంతరించినవి. మరల ధనము కూర్చి, కంచె బాగుచేసి, లోని పిల్లుల నన్నిటిని పట్టి తీసివేసి, 2019లో మరల బిల్బీలను విడువగలిగిరి. కంచె కట్టుటకు బొమ్మ నమ్మి సొమ్ము తెచ్చుట సులువు; పండుగ వేడుక అందులో నున్నది. ఏటేట ఆ కంచె త్రుప్పు గీకుటకు సొమ్ము తెచ్చుట కష్టము. అందులో వేడుక యేమియు లేదు. ముక్కల బొమ్మ వలన వచ్చు చిన్న మొత్తము ఇట్టి వేడుక లేని పనులకే పోవలెను. రాత్రులందు అడవిలో తిరుగు కావలివాని దీపమునకు, చెప్పులకు పోయినను అది సద్వ్యయమే.

ఇక బొమ్మ యెట్లుండవలెను? పక్షి యొక్క చిత్రమే చాలదు. పక్షి నిలిచిన నేల గూడ అందు ఉండవలెను. ఈ విషయమున చిత్రకారులు సాధారణముగా పొరబడుదురు. ఎట్టి ప్రాణినైనను పచ్చని చెట్టు క్రింద, సెలయేటి యొడ్డున నిలిపినగాని వారికి తృప్తి కలుగదు. కలివికోడికి పచ్చని చెట్టు పనికిరాదు. దానికి కావలసినది ముండ్లపొదలును, వాని నడుమ నడచుటకు వీలగు వట్టినేలయు. బట్టమేక పిట్టకు పొదలును అక్కరలేదు, గడ్డిమైదానమే చాలును. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డినేలలో ఆ పిట్ట యొకప్పుడు ఠీవిగా తిరుగుచుండెడిది. ఇట్టి గడ్డినేలలను, పొదనేలలను జనులు బంజరు లందురు. బంజరు గనుక ఏమి చేసినను తప్పులేదందురు. దున్నుదురు, త్రవ్వుదురు, పుణ్యకార్యమని తలచి నీలగిరి మొక్కలను నాటుదురు. చెట్లు నాటుటచే సైతము ఒక పక్షి యిల్లు కూలునని పిల్లలకు చెప్పిన నమ్మరు. నూరు ముక్కలలో డెబ్బది ముక్కలు ముండ్లపొదలును ఎండుగడ్డియు నైనచో, వానిని గంటసేపు ఏరి కూర్చిన పిల్లవానికి ఆ నేల శూన్యము కాదని తోచును.

వేరొక జాగ్రత్త గూడ అవసరము. నక్షత్ర తాబేలును పిల్లవాని యరచేతిలో పెట్టి చిత్రించుట చూడముచ్చటగా నుండును. అట్లు చిత్రింపరాదు. ఇంట పెంచుకొనవలెనను మోజు వలననే వేలకొలది నక్షత్ర తాబేళ్లు సంచులలో కుక్కబడి దేశములు దాటుచున్నవి. దేవాంగపిల్లి పెద్ద కన్నులను ఇంకను పెద్దవి చేసి, దానికి చొక్కా తొడిగి నవ్వు పులిమిన బొమ్మలును ఇట్టివే. జంతువును జంతువుగా చిత్రించుటకు మిక్కిలి కౌశలము కావలెను. అందులకు చిత్రకారుడు నేలపట్టు కొలనునకు పోయి గూడబాతులు పిల్లల నోటికి చేప నెట్లందించునో చూచి రావలెను. ఉప్పలపాడు చెరువునొద్ద కూర్చుండి కొంగల కాళ్ల వంపును గీసికొని రావలెను. పరదేశపు పుస్తకమును ముందు పెట్టుకొని వ్రాసిన బొమ్మకు ఆ వంపు రాదు.

బొమ్మను దేనితో చేయుదురను సంగతిని ఎవ్వరును తలపరు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కొయ్యతోను, ఏటికొప్పాక వారు అంకుడు కొయ్యతోను తరతరములుగా బొమ్మలు చేయుచున్నారు. వారి చేతికి ఈ పని యిచ్చినచో అది యెంత యందముగా వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు. కాని తెల్లపొణికి చెట్లే యడవిలో తరిగిపోయి, కొయ్య దొరకుట దుర్లభమగుచున్నదని ఆ కళాకారులే విచారించుచున్నారు. అడవిని కాపాడు బొమ్మకై అడవిలోని చెట్టును కొట్టించుట తగునా? కొయ్య బొమ్మలు కొలదిగా, వెల హెచ్చుగా చేసి, ఆ సొమ్ములో కొంత పొణికి మొక్కలు పెంచుటకే వినియోగింపవచ్చును. పిల్లలందరికి చేరవలసినవి మాత్రము పాత కాగితముతో చేసిన అట్టవియే కావలెను. పెట్టెకు పలుచని ప్లాస్టిక్ పొర చుట్టబెట్టుట మానినచో నష్టమేమియు లేదు.

ధనికుల పిల్లలకే ఇట్టివి లభించునను ఆక్షేపణకు బలము కలదు. బొమ్మను కాపాడవలసిన నేల బదువేలు, సిద్ధవటము ప్రాంతములలో నుండగా, బొమ్మలు హైదరాబాదు, విశాఖపట్టణముల పెద్ద దుకాణములలో మాత్రమే దొరకినచో ఫలమేమి? కట్టెలకు, మేకలకు మేపునకు ఆ పొదలలోనికి నిత్యము పోవువారు ఆ పల్లెలవారే. వారి పిల్లలకే మొట్టమొదట ఈ బొమ్మ చేరవలెను. అందులకు ప్రతి పిల్లవాడు కొననక్కరలేదు. బడికి రెండు పెట్టెలున్న చాలును; పుస్తకములవలెనే గ్రంథాలయమునుండి ఇచ్చి పుచ్చుకొనవచ్చును. ఆ పిల్లలు బొమ్మను ఇంటికి తీసికొనిపోయిన దినమున, తాతయో అవ్వయో దానిని చూచి, ఈ పిట్టను మా చిన్ననాట ఫలానా వంకలో చూచితిమని చెప్పవచ్చును. 1986లో పక్షి దొరకినది ఇట్టి మాట వలననే గదా!

కనుక పెట్టెలో ముక్కలతోబాటు ఒక చిన్న కాగితము ఉంచుట అవసరము. అందు పక్షి పేరు తెలుగులో, ఆ ప్రాంతమువారు పలుకు విధముననే వ్రాయవలెను. అది ఏ పొదలలో, ఏ వేళ తిరుగునో నాలుగు వాక్యములు చాలును. కనబడినచో పట్టరాదని, రాళ్లు రువ్వరాదని, గూటినొద్దకు పోరాదని, అటవీశాఖవారికి తెలుపవలెనని ఉండవలెను. అమ్మిన ప్రతి పెట్టెకు ఎన్ని రూపాయలు ఎవ్వరికి చేరునో, దానితో గతసంవత్సరము ఏమి పని జరిగినదో క్రింద అచ్చువేయవలెను. అచ్చు ఖర్చు తగ్గునని చెప్పి వర్తకులు మొదట తీసివేయ జూచునది ఆ కాగితమునే. పెట్టెపై రంగు ఒకటి తగ్గించినను తగ్గింపవచ్చును గాని దానిని తీసివేయనీయరాదు.